నీలం కలిసిన నలుపు

హవానా పాత పుస్తకాల సంతలో, ఒకప్పుడు పోస్టర్లు అచ్చువేసిన ఓర్తెన్సియా ఏ సినిమా పోస్టరునైనా ముందు కళ్లు మూసుకుని వేలితో తడుముతుంది. చేత్తో అచ్చువేసిన రంగు ఉబ్బెత్తుగా తగులుతుంది. నకలు నున్నగా జారుతుంది. ఇంటికప్పు వానలు రాకముందే వేయించుకోవాలని ఎలిసెయో, చనిపోయిన భార్య దాచిన పోస్టరు తెచ్చాడు. రంగు మరకలు బాగాలేవని అంచులు కత్తిరించేశాడు.

"చేతి అచ్చుకు ఆ మరకలే కదయ్యా సాక్ష్యం, ముసలి గాడిదా!" అని ఓర్తెన్సియా కసిరింది.

పోస్టరు కొనడానికి వచ్చి కూర్చున్నవాడు నకలేమోనని లేవబోయాడు. ఓర్తెన్సియా తడిమి చూసింది. "అసలుదే."

"మాట చాలదు పెద్దమ్మా," అన్నాడు కొనేవాడు.

ఆమె పోస్టరును ఎండకు వంచింది. నల్లటి ఆకాశం మెల్లగా నీలమైంది. "ఆ వారం మా అచ్చుశాలలో నలుపు దొరక్క నీలంలో మసి కలిపాం."

కొనేవాడి చెయ్యి డబ్బు కోసం జేబులోకి పోయింది.

"ఆ నీలం మా ఆవిడ గోళ్లలోంచి నెలదాకా పోలేదు," అంటూ ఎలిసెయో కాగితాన్ని కొంచెం తనవైపు లాక్కున్నాడు.