పన్నెండో బండి వెనక

దయ్యాల మాటెత్తితే లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. బళ్ళో ఇంగ్లీషు చెబుతాను. పిల్లలెవరైనా అలాంటి కథలు మొదలుపెడితే కసురుకునేవాణ్ణి. ఇప్పుడు కూడా దయ్యాలున్నాయని చెప్పడానికి ఇది రాయడం లేదు. మా బావ దానియేలుకి కెనడాలో మతి చలించిందని తిరువూరులో చాలామంది అనుకుంటున్నారు. అది నిజం కాదు. ఆ మాట పుట్టించింది నేనే.

మా మేనకోడలు అక్కడ ఉద్యోగం చేస్తోంది. కిందటేడు అక్కనీ, బావనీ, నన్నూ పిలిపించి, తూర్పు కెనడా చూసి రమ్మని ఒక బృందంతో పంపింది. ఆ యాత్రలో హోటళ్ళుండవు. మంచం, పొయ్యి, బాత్‌రూము అన్నీ బండిలోనే. అలాంటి బళ్ళు పన్నెండు, ముందు గైడు కారు, అన్నీ వరసగా వెళతాయి. మాది చివరి నంబరు. బావ నడిపేవాడు. జీవితమంతా మామిడికాయల లారీ తోలినవాడు కాబట్టి ఆ బండి త్వరగానే మచ్చికైంది. అక్క రోజూ పొద్దున్నే స్టీరింగు మీద చెయ్యివేసి ప్రార్థన చేసేది.

ప్రతి బండిలో ఒక వాకీటాకీ ఉండేది. గైడు నంబర్లు పిలిస్తే ఒక్కొక్కరే పలకాలి. బావకి అది భలే నచ్చింది. సీజనులో రెడ్డిగూడెం తోటల నుంచి లోడు బళ్ళు వరసగా బయలుదేరినప్పుడు, చివరి డ్రైవరు ఫోను చేసి “వెనక మేమున్నాం, పోనీండి” అంటాడు. ఆ మాట వినేదాకా ముందు బండి కదలదు.

“దొరలది కూడా మన పద్ధతేరా,” అని నవ్వేవాడు బావ.

కేప్ బ్రెటన్ దీవిలో ఒక మధ్యాహ్నం, న్యూఫౌండ్‌లాండ్ వెళ్ళే పడవ అందుకోవడానికి రేవు వైపు వెళుతున్నాం. రోజూ మా వెనక గైడు సహాయకుడి బండి ఉండేది. ఆ రోజు అతను టికెట్ల పని మీద ముందే వెళ్ళిపోయాడు. మా వెనక ఎవరూ లేరు. అక్క లోపల మంచం మీద నిద్రపోతోంది. సముద్రం మీంచి పొగమంచు కమ్మేసింది. పట్టపగలే అద్దంలో తెలుపు తప్ప ఏమీ కనపడటం లేదు.

గైడు నంబర్లు పిలిచాడు. బావ “ట్వెల్వ్, ఓకే” అన్నాడు. కొంచెం ఆగి వాకీటాకీలోంచి ఇంకో గొంతు వచ్చింది.

“వెనక మేమున్నామండి. కొంచెం ఆగండి.”

తెలుగు. మన వైపు తెలుగు. అలిసిపోయిన మగమనిషి గొంతు. ఆ బృందంలో మేం తప్ప తెలుగువాళ్ళు లేరు.

బావ బండి పక్కకి తీసి ఆపేశాడు.

“పడవ పోతుంది బావా, పోనీ.”

“వెనక బండి ఉందంటే వదిలేసి పోతామా ఏంట్రా?”

“ఎవరన్నారు? నాకేం వినపడలేదు.”

బావ నా మొహం వంక చూశాడు. నాకు విన్నానని ఒప్పుకుంటే అది నిజమైపోతుందనిపించింది.

చాలాసేపటికి గైడు మమ్మల్ని వెతుక్కుంటూ వెనక్కి వచ్చాడు. బావకి ఇంగ్లీషు రాదు. ఏం జరిగిందో నేనే చెప్పాలి. పెద్దాయనకి బాగా అలసటగా ఉంది, లేనివి వినపడుతున్నాయని చెప్పాను. గైడు మా బండి వెనక్కి నడిచి వెళ్ళి, తిరిగొచ్చి నన్నడిగాడు. మా వైపు వస్తూ మలుపు తిరుగుతున్నప్పుడు తనకి రెండు బళ్ళ లైట్లు కనపడ్డాయట, రెండోది ఎటు పోయిందని.

“ఏమంటున్నాడ్రా?” అన్నాడు బావ.

“టైమైపోయింది, పదండి అంటున్నాడు,” అన్నాను.

పడవ వెళ్ళిపోయింది. ఇంటికొచ్చాక అక్క భయపడి బావని విజయవాడలో డాక్టరుకి చూపించింది. ఆ డాక్టరు నన్నడిగితే మళ్ళీ అదే చెప్పాను, ఏమీ వినపడలేదని. బావ కారు తాళాలు అక్క తీసి దాచేసింది. ఇప్పుడు బావ విస్సన్నపేట వెళ్ళాలన్నా షేర్ ఆటోయే. డ్రైవరు పక్కన కూర్చుని, తన కాలి కింద లేని బ్రేకు నొక్కుతుంటాడు. మొన్న ఆటోలో వెనక కూర్చుని అది చూశాను. చూసి ఊరుకోలేకపోయాను.

అదే సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి, ఇద్దరి ముందూ అంతా చెప్పాను. గొంతు విన్నాననీ, గైడు రెండు బళ్ళన్నాడనీ. అక్క చాలాసేపు నన్ను తిట్టింది. తర్వాత లోపలికెళ్ళి తాళాలు తెచ్చి బావ ముందు పెట్టింది.

అది వేరే ఎవరి వాకీటాకీయో కలిసిందేమో అని ఆలోచించాను. మంచులో మా లైట్లే గైడుకి రెండుగా కనపడ్డాయేమో అనుకున్నాను. ఏ ఒక్కటీ ఆ తెలుగు మాటకి సరిపోవడం లేదు. నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

బావ తాళాలు ముట్టుకోలేదు. నా మీద కోపం కూడా చూపించలేదు. ఒకటే అడిగాడు.

“అయితే వాళ్ళని అక్కడే వదిలేసి వచ్చామా?”