ఖాళీగా తిరగని బండి

రామయ్యపట్నంలో దానమ్మ ఒక మాట కాదందంటే ఇంక అది కానట్టే. మొండిఘటం అని ఊరంతా అంటుంది. అనేవాళ్ళలో సగం మంది ఆ మొండితనం పుణ్యాన ఇవాళ పొడి నేల మీద పడుకుంటున్నారు. ఆ సంగతి మాత్రం ఒప్పుకోరు.

యాభై ఏళ్ళ మనిషి. పదిహేనో ఏట నెత్తికెత్తిన చేపల గంపను బరంపురం బజారుకు మోసీ మోసీ మెడ కాయ కాసింది. సరుకు ఏ దారిన పోతే ఎంత భారమో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు.

తొంభై తొమ్మిది తుఫాను వచ్చిపోయిన నాలుగేళ్ళకు బరంపురం పక్క లంజిపల్లి నుంచి వెంకటరమణమూర్తి దిగాడు. ఊరి చేపలను కిరాయికి బరంపురం చేర్చే మూడు వ్యాన్లూ ఆయనవే. ఊరికీ సముద్రానికీ మధ్య మొగలి పొదలు పట్టి నిలిపిన ఇసుక దిబ్బ ఉంది. వ్యాను ఒడ్డుకు చేరాలంటే దాన్ని చుట్టి నాలుగు మైళ్ళు తిరగాలి. దిబ్బను మధ్యకు కోసి దారి వేస్తే డీజిల్ మిగులుతుంది, కిరాయి తగ్గిస్తానన్నాడు మూర్తి. కులపెద్ద సోములు తలూపాడు. తక్కినవాళ్ళూ ఊపారు.

"దిబ్బ మీద సెయ్యెయ్యకండి," అంది దానమ్మ. "తుపానునాడు సముద్రం మన గుమ్మాల్లోకి రాకుండా ఆపింది ఏటి? మూర్తి బాబు డీజిలా?"

మూర్తి నవ్వాడు. "సరే దానమ్మా. దిబ్బ కొయ్యకుండా డీజిల్ తగ్గించి చూపించు, కిరాయి తగ్గిస్తా. పది రోజులు గడువు. పదకొండో రోజు దిబ్బ తవ్వే మిషను వస్తుంది."

ఆయన వేళాకోళానికే అన్నాడు. దానమ్మ మర్నాడే ఒడ్డున చతికిలబడి వ్యాన్లను చూసింది. పొద్దున ఒకటి బరంపురం నుంచి ఐసు తెచ్చి ఖాళీగా పోయింది. తరవాత రెండు ఖాళీగా వచ్చి, ఒకటి పచ్చిచేపలతో, ఒకటి ఎండుచేపలతో సగం సగం నిండి వెళ్ళాయి. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. బరంపురం నుంచి ఉత్త గంపతో తిరిగొస్తే అత్త ఇంట్లోకి రానిచ్చేది కాదు. ఉప్పో, బియ్యమో మోసుకురావాల్సిందే.

"ఐసు తెచ్చిన బండిలోనే మన సేపలెట్టీయండి. ఒకటి సాలు," అంది సోములుతో.

"అందరి గంపలూ ఒక్కదాన్లో ఏస్తే ఎవుల సరుకు ఎవులికి పోతాదే?" అంది పక్కింటి ఎండుచేపల గురువమ్మ.

"మనం నడిసెల్లే రోజుల్లో జొరమొచ్చిన దాని గంప ఇంకోతి మొయ్యలేదేటి? ముడి మర్సిపోనావా?"

నిజమే. అప్పట్లో గంప అంచుకు మొగలి నారతో ఇంటికో రకం ముడి వేసేవారు. ఆ ముడి చూసే బజారులో ఎవరి గంపో పోల్చి దించేవారు. దానమ్మ ఇంటింటికీ తిరిగి ఆ ముళ్ళు మళ్ళీ వేయించింది.

మొదటి రోజే తప్పు చేసింది. నెత్తిన రెండు గంపలు పెట్టినప్పుడు పచ్చిచేప నలక్కుండా పైన పెట్టడం ఆమెకు అలవాటు. వ్యానులోనూ అలాగే పెట్టించింది. నెత్తి మీద ఐసు ఉండేది కాదు. వ్యానులో ఐసు కరిగి, కిందనున్న గురువమ్మ ఎండుచేపలు తడిసి ముద్దయ్యాయి.

"నా సరుకంతా తడిపీసినావు కదే!" అని గురువమ్మ తిట్టిపోసింది. మూర్తి పకపకా నవ్వాడు. దానమ్మకు ఏడుపొచ్చింది, కానీ ఆయన ముందు ఏడవదలుచుకోలేదు. తన ఎండుచేపలు గంపకు గంప గురువమ్మకు ఇచ్చేసింది. మర్నాడు పచ్చిచేప కింద, పైన చెక్కలు పరిచి ఎండుచేప. తనే వ్యాను ఎక్కి బరంపురం దాకా కాపలా కాసింది. తరవాత ఒక్క గంపా చెడలేదు.

పదకొండో రోజు మిషను రానే వచ్చింది, ఒడ్డు వైపున దిబ్బ మొదట్లో ఇనప తొట్టె ఎత్తి నిలబడింది. సోములు వ్యాను డ్రైవరు శ్యామసుందర్‌ని పిలిచి డీజిల్ సంగతి అడిగాడు. యజమాని గుడ్లురుముతున్నా అతను నిజమే చెప్పాడు. "ముందు అయ్యేదాంట్లో సగం కూడా లేదు."

"దిబ్బ కూడా కోస్తే ఇంకా తగ్గుతుంది కదా!" అన్నాడు మూర్తి.

దానమ్మ మిషనుకు అడ్డంగా నిలబడింది. "తగ్గేది నీకు, మునిగేది మాకు. నీ లెక్కలో మా ఇళ్ళు కూడా ఎయ్యి బాబూ. అప్పుడు సెప్పు ఏది సౌకో!"

సోములు దిబ్బ వంక చూశాడు. "మాటంటే మాటే మూర్తి బాబూ. కిరాయి తగ్గించు. మిషను ఎనక్కి తిప్పించు."

మిషను తిరిగింది. దానమ్మ దాని వెనకే పరిగెత్తింది.

"ఆగు నాయనా! బరంపురమేనా? ఉత్త తొట్టితో ఎల్తావేటి?"

గురువమ్మ ఎండుచేపల గంపలు నాలుగు ఆ ఇనప తొట్టెలో పెట్టించి, తాడుతో బిగించి కట్టించింది. దిబ్బను కొయ్యడానికి వచ్చిన తొట్టె మొగలి నార ముళ్ళు వేసిన గంపలు మోసుకుంటూ చుట్టుదారినే నాలుగు మైళ్ళూ తిరిగి వెళ్ళింది. ఒక్క చేప కూడా తడవలేదు.