‘కాకపోతే?’ అని అడగమన్న సారు

తెలంగాణ బంద్ మర్నాడు పొద్దున ల్యాబ్ ఊడుస్తుంటే వాచ్‌మన్ వచ్చి చెప్పాడు, కంప్యూటర్ సారు పోయారని. చీపురు పక్కన పెట్టి అక్కడే చతికిలబడ్డాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డిగ్రీ కాలేజీలో ఊడ్చే మనిషిని నేను. నాది వేలిముద్ర. నేను చెబుతుంటే సారు శిష్యురాలు, పోచంపల్లి నేతగాళ్ల పిల్ల, రాస్తోంది. చెప్పాల్సి ఎందుకొచ్చిందంటే, సంతాప సభలో ఒక పెద్దమనిషి సారు ఫొటో పక్కనే నిలబడి అన్నాడు: “మూడేండ్ల కంప్యూటర్ డిగ్రీల ఏమున్నది? చైతన్యపురిల మూడు నెల్లు కోచింగ్ జేస్తే అదే వస్తది.” ఆయనకే ఈ జవాబు.

సారు పిల్లల్ని వచ్చీరాగానే మిషన్ ముట్టుకోనిచ్చేవారు కాదు. చేయబోయేది ముందు బోర్డు మీద ఒక్కో పనికి ఒక్కో గడి చొప్పున గీయాలి. గీసింది నాకు చెప్పాలి. నాకొక ప్లాస్టిక్ స్టూలు వేసి, “అవ్వకు అర్థం కాలేదంటే మీకూ కానట్టే” అనేవారు. నేను అడగాల్సింది ఒక్కటే: కాకపోతే?

“హాల్‌టికెట్ నంబర్ కొడితే మార్కులొస్తయి అవ్వా.”

“రాకపోతే?”

“నీకంటే పరీక్ష నయం!” అని గొణుక్కుంటూ చెరిపి మళ్లీ గీసేవారు.

సారుది కోస్తా. ఈ రోజుల్లో ఆయన నోరు తెరిస్తే టీ కొట్టు దగ్గర మనుషులు తిరిగి చూసేవారు. నేను తెలంగాణ రావాలని గొంతు పోయేట్టు అరిచినదాన్నే. అయినా ఆయన మావాడు.

బంద్ ముందు రోజు పిల్లలు ఎల్‌బీ నగర్ దాకా ఊరేగింపుకు పోతామన్నారు. సారు వద్దనలేదు. “ఎలా తిరిగొస్తారో గీసి అవ్వకు చెప్పండి, తర్వాత వెళ్లండి.”

పోచంపల్లి పిల్ల సుద్ద అందుకుంది. “అయిపోంగనే చౌరస్తా కాడ కలుస్తం.”

“పోలీసులు కలవనియ్యకపోతే?”

“మన్సూరాబాద్ గల్లీలకెల్లి వస్తం.”

“ఫోన్లు పనిచెయ్యకపోతే?”

పిల్ల ఇంకో గడి గీసింది. “పొద్దుగూకకముందే అందరం కాలేజీ గేటు కాడికి. ఏమైనా సరే.”

మర్నాడు నిజంగానే పోలీసులు వదిలిన పొగ లేచింది. షట్టర్లు దబదబా దిగాయి. ఫోన్లు మోగలేదు. సారు పేర్ల కాగితం పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డారు. ఎర్రబడ్డ కళ్లతో ఒక్కొక్కరే వస్తుంటే ఒక్కో పేరుకు టిక్కు పెట్టారు. చివరి పేరు దగ్గర పెన్ను చాలాసేపు ఆగింది. ఆ పేరు ఈ పిల్లదే. అదీ వచ్చింది.

“అందరూ వచ్చేశారమ్మా” అన్నారు సారు నాతో. బస్సుల్లేవు. మీర్‌పేట్‌కు నడక మొదలుపెట్టారు. పోతూ పోతూ ఛాతీ రుద్దుకున్నారు. నేను చూశాను. అడగలేదు. దారిలో పడిపోయారట. దవాఖానకు తీసుకుపోదామంటే బండి దొరకలేదట.

ఇన్నేళ్లు నాతో అనిపించిన మాట, ఆయన కోసం ఒక్కసారి నా నోట రాలేదు.

పెద్దమనిషీ, నౌకరీల సంగతి నాకు తెలియదు. మనమంతా ఏం కాదులే అనుకునే చోట ఈ పిల్లలు ఆగి చూస్తారు. అది మూడు నెలల్లో రాదు.

ఎల్లుండి మళ్లీ బంద్ అంటున్నారు. ఇందాక ఈ పిల్ల కలం పక్కన పెట్టి బోర్డు దగ్గరికి పోయింది. పాత గళ్ల కింద కొత్త గడి ఒకటి గీసి నా వైపు తిరిగింది.

“అవ్వా, ఆ దినం నువ్వు ఇంటికెట్ల పోతవ్?”

“నడిచి పోత.”

“పోలేకపోతే?”

సుద్దముక్క ఖాళీ గడి దగ్గరే ఆగి ఉంది.