మిరప మీద వేసిన నింద

మిర్చి యార్డులో గుమాస్తాగా పనిచేసేవాడికి ఒంట్లో ఎక్కడ మండినా దోషి సిద్ధంగా ఉంటుంది. మూత్రానికి వెళ్తే మంట మొదలైనప్పుడు నేనూ చేతికంటిన కారాన్నే అనుమానించాను. డిగ్రీ చదివినవాణ్ణి కాబట్టి సబ్జా నీళ్లు వేళకు తాగాను. వారం కిందట పొరుగూళ్లో పరాయి మనిషి దగ్గరికి వెళ్లిన సంగతి మాత్రం ఎంతకూ గుర్తు చేసుకోలేదు.

లోదుస్తుల మీద పసుప్పచ్చ మరక కనబడ్డాక తోటి గుమాస్తాకు చెప్పాను.

"ఒరేయ్, కారానికి మంట పుడుతుంది గానీ చీము కారదురా. పద, పెద్దాసుపత్రికి."

"అదే తగ్గుద్దేమోలే."

"తగ్గదు. ఈలోగా మీ ఆవిడకి అంటుద్ది."

డాక్టరు నవ్వలేదు, తిట్టలేదు. పరీక్ష చేసి మందులిచ్చారు. మా ఆవిడనూ తీసుకురమ్మన్నారు, ఆ మనిషికీ కబురు చెప్పమన్నారు, అందరికీ నయమయ్యేదాకా దూరంగా ఉండమన్నారు.

ఆ సాయంత్రమే ఇంట్లో నిజం చెప్పాను. మా ఆవిడ మర్నాడే వచ్చి పరీక్ష చేయించుకుంది. అదృష్టవశాత్తూ ఆమెకు ఏమీ అంటలేదు. నాతో మాట్లాడటానికి మాత్రం కొంచెం వ్యవధి తీసుకుంది, సుమారు ఒక మిరప పంటకాలం.

ఇప్పటికీ ఏటా కొత్త కారం పట్టించగానే మా ఆవిడ మొదటి డబ్బా ఆ తోటి గుమాస్తా ఇంటికే పంపుతుంది.

"అన్నయ్యగారు చెప్పకపోతే మీరింకా సబ్జా నీళ్లే తాగుతుండేవారు," అంటుంది.

నేను కాదనను. డబ్బా మోసుకెళ్లేది నేనే.