అమ్మకు నేను పట్టించిన కల్లు

అమ్మకు కుడి చెంపలో నరం నొప్పి. గాలి సోకినా తేలు కుట్టినట్టు విలవిల్లాడేది. జొన్నరొట్టె నమలడం మానేసి నెలలైంది. తాండూరులో చూపించని చోటు లేదు. చివరికి, పంతొమ్మిది వందల అరవైల్లో ఒక వేసవిలో, రైలెక్కించి వికారాబాద్ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను.

ఆయన నొప్పికి మాత్రలు రాసి, "వీటితోపాటు సారా, బ్రాందీ ముట్టకూడదు. ప్రాణానికే ముప్పు. ఆమె తాగుతుందా?" అని అడిగాడు.

నాకు ఒళ్లు మండింది. "మా అమ్మనా సార్? గా వాసన గూడ పడది," అన్నాను.

అబద్ధం కాదు. ఈత కల్లు మా ఇళ్లలో తాగుడు కిందికి రాదు. బాలింతకు పోస్తాం, జ్వరం పడి లేచినవాళ్లకు పోస్తాం. నమలలేని అమ్మ ఆ నెలలన్నీ బతికింది దాని మీదే. పొద్దున్నే కల్లు గీసే మామ వాకిట్లో మా కుండలో పోసిపోయేవాడు. చెంపకు తగలకుండా ఎడమ పక్కనుంచి లోటా పట్టేదాన్ని. ఆ కల్లుతోనే మాత్ర మింగించేదాన్ని.

నొప్పి తగ్గింది, నమలడం మాత్రం ఇంకా రాలేదు. అమ్మ నవ్వింది కూడా. తర్వాత ఎప్పుడు చూసినా మత్తు. ఇన్నాళ్ల నిద్ర బాకీ తీరుతోందని మురిసిపోయాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఐదో రోజు మధ్యాహ్నం ఎంత కుదిపినా లేవలేదు. ఊపిరి ఆగి ఆగి వస్తోంది. మళ్లీ రైలు, మళ్లీ అదే డాక్టరు.

"పొద్దున ఏం తిన్నది?"

"ఏం తింటది సార్, రెండు లోటల కల్లు తాగింది."

ఆయన నన్ను తిట్టలేదు, కల్లు కూడా సారా లాంటిదే, ఈ మాత్రతో కలిస్తే ఊపిరి ఆపుతుందని మాత్రం చెప్పాడు. తిడితే బాగుండేది.

అమ్మ బతికింది. మాత్ర ఆపితే నొప్పి, కల్లు ఆపితే ఆకలి. కల్లే ఆపాను. చల్లార్చిన గంజి చెంచాతో పోస్తే సగం బయటికే వచ్చేది. మామకు చెప్పి చూశాను. "కల్లుతోని ఎవలన్న సచ్చిన్రా బిడ్డా?" అని నవ్వి, మర్నాడు మళ్లీ వచ్చాడు. ఇక ఆయన వచ్చే వేళకు తలుపుకు గొళ్లెం పెట్టడం మొదలుపెట్టాను. బయట ఆయన పిలుపు, లోపల మేమిద్దరం.

"గొళ్లెం తియ్యి బిడ్డా. ఒక్క గుక్క."

"వద్దమ్మా. పానం పోతది."

చెంప పట్టుకుని నన్నే చూసింది. "మొన్నటిదాంక నువ్వే తాగిపిస్తివి గద," అంది.

నేను గొళ్లెం మీంచి చెయ్యి తియ్యలేదు. ఆమె ముఖం వైపు మాత్రం చూడలేకపోయాను.