వాల్ బావ జాకీ చూపులు

వాల్ ట్రెజైస్ జన్మలో ఎవర్నీ "బాగున్నారా?" అని అడిగిన పాపాన పోలేదు. మనిషి కనిపిస్తే చాలు, "మీ జాకీ ఏదీ?" అంటాడు.

సెడూనాలో సముద్రం ఒడ్డునున్న ఆ క్యారవాన్ పార్కులో అది మరీ వెర్రి ప్రశ్నేమీ కాదు. అక్కడ దిగేవాళ్ళందరూ కారు వెనక చక్రాల ఇల్లు తగిలించుకుని వచ్చినవాళ్ళే. ఊరు దాటి పడమరకి పోతే వందల కిలోమీటర్లు మనిషే కనిపించని నల్లార్బోర్ మైదానం. ఆ దారిలో టైరు పోతే ఎవరికి వాళ్ళే దిక్కు. కానీ వాల్ క్యారవాన్ ఉన్నవాళ్ళని మాత్రమే అడిగి ఊరుకునే రకమా! పన్ను పీకించుకోవడానికి వెళ్ళి, నోట్లో దూది ఉండగానే, డాక్టరమ్మ కారులో ఏ జాకీ ఉందో కనుక్కుని, అది ఆ కారుకి పనికిరాదని కాగితం మీద రాసిచ్చి మరీ వచ్చాడు.

నెరిడాకి ఆయన అక్క మొగుడు. ఆమె భర్త డెస్ పోయినప్పుడు వాల్ అంత్యక్రియలకి వచ్చాడు. అందరూ తలలు దించుకుని నిలబడి ఉంటే, ఈయన మాత్రం శవపేటిక తెచ్చిన బండి కిందికి వంగి చూసి, డ్రైవర్ని పక్కకి పిలిచాడు.

"బాబూ, దీనికి ఏ జాకీ వాడతారు?"

"ఇంతవరకూ అవసరం పడలేదండీ."

"అదీ పొరపాటు! దారిలో టైరు పోయిందనుకో, లోపలున్న ఆయనకి తొందరేం లేదు. మాకే, ఎండలో మాడు పగిలిపోతుంది."

అంతదాకా వెక్కి వెక్కి ఏడుస్తున్న నెరిడా ఫక్కున నవ్వింది. ఆ తర్వాత సిగ్గుపడింది కానీ, ఆ రోజంతటిలో ఆమెకి ఊపిరాడింది ఆ ఒక్క క్షణమే.

వాల్ నలభై ఏళ్ళు గోధుమ లారీలు బాగుచేసిన మెకానిక్. రిటైరయ్యాక భార్య డోరీన్‌తో ఆ పార్కులోనే స్థిరపడ్డాడు. ఆయన షెడ్డులో పదిహేడు జాకీలున్నాయి. అవి కాక ఇంట్లో మరో నాలుగు.

"మా మంచం నాలుగు కోళ్ళ కిందా నాలుగు జాకీలే తల్లీ," అని డోరీన్ చెల్లెలికి మొరపెట్టుకునేది. "నడుం నొప్పి అంటే మందు ఇవ్వడు. తలవైపు రెండు పంపులు కొడతాడు."

"తగ్గుతుందా?"

"తగ్గి చస్తుంది. అదే నా బాధ."

డెస్ పోయిన మరుసటి ఏడాది ఆగస్టు నెలాఖరున, నెరిడా ఒక్కతే తన క్యారవాన్ లాక్కుంటూ సెడూనా వచ్చింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. రెండేళ్ళ క్రితం మెట్లమీంచి పడినప్పటి నుంచీ కుడి భుజం పైకి లేవదు. ఆమె కోరిక ఒక్కటే. అక్కడికి మూడొందల కిలోమీటర్ల పడమర, కొండ అంచున నిలబడితే కింద సముద్రంలో తిమింగలాలు పిల్లల్ని వేసుకుని తిరుగుతూ కనిపిస్తాయి. వచ్చే ఏడు, వచ్చే ఏడు అంటూనే డెస్ వెళ్ళిపోయాడు. అక్టోబరు వస్తే తిమింగలాలు కూడా దక్షిణానికి మళ్ళిపోతాయి.

కొడుకు క్రెయిగ్ ఫోన్లో తెగేసి చెప్పాడు. "అమ్మా, ఆ దారిలో టైరు పోతే నువ్వొక్కదానివే మార్చుకోగలవా? మార్చగలిగితే వెళ్ళు. లేకపోతే బండి అమ్మేద్దాం. కొనేవాళ్ళని నేను చూస్తాను."

"మార్చడం ఎలాగో వీడియో పంపించనా?" అని కూడా అడిగాడు. నెరిడా ఫోన్ పెట్టేసింది. నలభై మూడేళ్ళ కాపురంలో చక్రాలు డెస్‌వి, పొయ్యి ఆమెది. చక్రం మార్చడం నేర్చుకో అని ఎవరన్నా సరే, డెస్ ఇక లేడని ఒప్పుకో అన్నట్టే వినపడేది ఆమెకి. పార్కులో ఇద్దరు ముగ్గురు మంచి మనసుతోనే నేర్పుతామని వచ్చారు. వాళ్ళకి టీ ఇచ్చి, బిస్కెట్ ఇచ్చి, సాగనంపింది.

వాల్ నేర్పుతానని అనలేదు. "మరదలా, ముందు నీకు సరైన జాకీ ఒకటి చూడాలి," అన్నాడంతే.

అక్కడ మొదలైంది.

పిల్లకి సంబంధం చూసేవాళ్ళు కూడా అన్ని ఆరాలు తీయరు. క్యారవాన్‌లో ఎన్ని గిన్నెలున్నాయి, ఎన్ని పుస్తకాలున్నాయి, నీళ్ళ ట్యాంకు నిండా నింపుతావా సగమా, అన్నీ రాసుకున్నాడు.

"జామ్ సీసాలు ఎన్ని?"

"పన్నెండు. జామ్‌కీ జాకీకీ ఏమిటి బావా సంబంధం?"

"నువ్వు అల్మారాలో పెట్టింది ఎవరు మొయ్యాలనుకున్నావ్? ఖాళీ బండి బరువు చూసి జాకీ కొనేవాడు మూర్ఖుడు. సర్దుకున్న బండి బరువు చూడాలి."

తర్వాత బొర్లా పడుకుని, ఎడమ పక్క టైరుకి ఉన్న గాలంతా తీసేశాడు.

"బంగారం లాంటి టైరు! గాలెందుకు తీశావ్?"

"టైరు బంగారంలా ఉంటే నీకు జాకీతో పనేమిటి? గాలి పోతే బండి జానెడు కుంగుతుంది. ఆ సందులో దూరాలి జాకీ. జనం ఏం చేస్తారు? బండి దర్జాగా నిలబడి ఉన్నప్పుడు కొలుచుకుని కొనుక్కొస్తారు. తీరా దారిలో కుంగాక అది కిందికి దూరదు. పక్కనే పెట్టుకుని కూర్చుని ఏడవడమే."

నెరిడా నోరు తెరుచుకుని విన్నది. నలభై మూడేళ్ళుగా డెస్ డిక్కీలో మోసిన జాకీ తీసి పెట్టి చూశారు. దూరలేదు. ఇన్నేళ్ళూ దేవుడే కాపాడాడు.

ఆ పార్కులోనే కొత్త క్యారవాన్‌తో లిండ్సే అని ఒకాయన ఉండేవాడు. "నాకు జాకీలతో పనే లేదు వాల్. నాలుగు మూలలా నాలుగు బిగించే ఇచ్చారు చూడు," అని బండి అడుగున మడతపడి ఉన్న ఇనప కాళ్ళు చూపించాడు. వాల్ తలపట్టుకుని నేలమీద కూలబడ్డాడు.

"అవి బండి ఊగకుండా ఆపే కాళ్ళయ్యా మహానుభావా! వాటితో బండిని ఎత్తుతావా?"

"నా బండి, నా ఇష్టం," అన్నాడు లిండ్సే. ఆ వారంలోనే టైరు పోయింది. ఆ కాలు తిప్పి ఎత్తబోయాడు. కాలు అరటిపండులా వంగింది, బండి వంకరపోయి తలుపు మళ్ళీ మూసుకోలేదు. వాల్ ఒక్క మాట దెప్పకుండా షెడ్డులోంచి జాకీ తెచ్చి, టైరు మార్చి, కాలు ఊడదీసి, తలుపు సరిచేసి పోయాడు. ఆ రోజునుంచి లిండ్సే ఆయన్ని చూస్తే టోపీ తీస్తాడు.

నెరిడా జాకీ మాత్రం తేలలేదు. రోజూ పొద్దున పది గంటలకి వాల్ ఒక జాకీ పట్టుకొచ్చేవాడు. పార్కు జనం కుర్చీలు తెచ్చుకుని, టీ కప్పులతో చుట్టూ చేరేవాళ్ళు. ఆయన వంటింటి ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, కుడిచెయ్యి బెల్టులో దోపుకుని, ఎడమచేత్తో పంపు కొట్టేవాడు.

"కుడిచేతికేమైంది వాల్?" అని లిండ్సే అడిగాడు.

"రిటైరైంది."

కత్తెరలా తెరుచుకునే జాకీని తిప్పలేక చెయ్యి పడిపోతోందని వద్దన్నాడు. చక్రాల జాకీ మంచిదే కానీ పసిపిల్లంత బరువుంది, పైగా ఇసకలో దిగబడుతుందన్నాడు. కారు పొగగొట్టం గాలితో ఉబ్బే సంచి జాకీని చూసి పార్కంతా చప్పట్లు కొట్టింది. వాల్ దాన్ని సున్నపురాళ్ళ మీద పరిచి ఎత్తాడు. అది టప్పున పేలింది. రెండు కుక్కలు సముద్రందాకా పరిగెత్తాయి.

ప్రతిసారీ నెరిడా పక్కనే ఉండాల్సిందే. "నాకు మతిమరుపు మరదలా, నువ్వు చెబుతూ ఉండు," అనేవాడు. "ఇప్పుడేం చెయ్యాలి?"

"అవతలి చక్రానికి ముందూ వెనకా చెక్కలు పెట్టాలి. నిన్న కూడా మర్చిపోయావు."

"తర్వాత?"

"పానాతో నట్లు కాస్త వదులు చెయ్యాలి. ఎత్తకముందే! ఎత్తాక చేస్తే చక్రం కూడా తిరుగుతుంది. ఎన్నిసార్లు చెప్పాలి బావా నీకు?"

"జాకీ ఇక్కడ పెట్టనా?"

"ఇరుసు మీద వద్దు! పక్కన ఛాసీ చట్రం కింద, పలక వేసి పెట్టు. దేవుడా, నువ్వు లారీలు ఎలా బాగుచేశావో!"

ఇలా నాలుగు వారాలు గడిచాయి. తిమింగలాలు ఒక్కొక్కటే వెళ్ళిపోతున్నాయని వార్త వచ్చింది. సెప్టెంబరు ఇరవై ఎనిమిదో తారీఖున క్రెయిగ్ మళ్ళీ ఫోన్ చేశాడు. పోర్ట్ లింకన్ నుంచి ఒక జంట శుక్రవారం బండి చూడ్డానికి వస్తున్నారట. నెరిడా ఓపిక అడుగంటిపోయింది. వాల్ ఇంటి ముందుకి వెళ్ళి నిలబడింది.

"చాలు బావా. నువ్వు జాకీ తేల్చేలోపు సముద్రమే ఎండిపోయేట్టుంది. బండి అమ్మేస్తున్నాను."

వాల్ గడ్డం గోక్కున్నాడు. "ఇంకొక్కటి చూద్దాం."

"నీకు జాకీల పిచ్చి ఉంటే ఉండనీ, నా బతుకుతో ఆడుకోకు!" అని అరిచి, వెనుదిరిగి వచ్చేసింది. ఆ మాట అన్నందుకు ఆ రోజంతా ఆమెకి అన్నం సయించలేదు.

శుక్రవారం పొద్దున్నే వచ్చారు పోర్ట్ లింకన్ జంట. లాగి చూస్తామన్నారని నెరిడా బండిని కారుకి తగిలించి ఉంచింది. తీరా చూస్తే ఎడమ టైరు నేలకి అతుక్కుపోయి ఉంది. దూరంగా వాల్ పడక్కుర్చీలో టీ తాగుతున్నాడు.

"బావా, టైరు పోయింది! లే!"

"నడుం పట్టేసింది మరదలా. జాకీ నీ గడప దగ్గరే పెట్టాను."

నిజంగానే గడప దగ్గర, శుభ్రంగా తుడిచిన, సీసాలా నిలబడే పొట్టి బాటిల్ జాకీ ఒకటుంది. దానికి పొడుగాటి గొట్టం పిడి. పక్కనే చెక్కలు, పలక, పానా, ఒక పార, ఆ ముక్కాలిపీట. నెరిడాకి ఒళ్ళు మండిపోయింది. పరాయివాళ్ళ ముందు ఈ పరువు తక్కువ పని! ఆ మంటలోనే చెక్కలు విసురుగా తీసుకెళ్ళి అవతలి చక్రానికి పెట్టింది. పానా బిగించి కాలితో తొక్కి నట్లు వదులు చేసింది. పలక వేసి, ముక్కాలిపీట మీద కూర్చుని, జాకీని ఛాసీ కిందికి తోసింది. అది చొక్కా జేబులోకి పెన్ను దూరినట్టు దూరింది. ఎడమచేత్తో పంపు కొట్టింది. రెండు టన్నుల ఇల్లు, పన్నెండు జామ్ సీసాలతో సహా, వెన్నలా పైకి లేచింది. పోయిన చక్రం ఊడదీసి, స్పేర్ చక్రాన్ని దొర్లించుకొచ్చి, రోజూ వాల్ చేసినట్టే దాని కింద పార దూర్చి, పార పిడిని కాలితో నొక్కితే చక్రం దానంతట అదే వెళ్ళి బోల్టుల మీద కూర్చుంది. కుడి భుజం ఒక్కసారి కూడా లేపాల్సిన పని పడలేదు. ఇరవై రెండు నిమిషాలు.

చివరి నట్టు బిగించి లేచాక గానీ తను ఏం చేసిందో ఆమెకి తెలియలేదు. నల్లబడ్డ చేతుల్ని తిప్పి తిప్పి చూసుకుంది.

"అబ్బ, అద్భుతం! మేం తీసుకుంటాం," అన్నాడు పోర్ట్ లింకన్ ఆయన.

"క్షమించండి. ఇది అమ్మకానికి లేదు," అంది నెరిడా. వాళ్ళకి టీ ఇచ్చి, బిస్కెట్ ఇచ్చి, సాగనంపింది.

డోరీన్ వచ్చి చెల్లెలి చేతులు తుడుస్తూ చెవిలో చెప్పింది. "ఆ జాకీ మీ బావ నువ్వొచ్చిన మూడో రోజునే తెచ్చాడే. మా మంచం కింద దాచాడు."

"మూడో రోజునా! మరి నెలంతా ఆ తిరునాళ్ళు దేనికి?"

"నేర్పుతానంటే నువ్వు టీ ఇచ్చి పంపించేస్తావుగా. కుడిచెయ్యి బెల్టులో దోపుకుని ఆ పంపులు కొట్టింది, నీ భుజంతో ఎంతవరకు అవుతుందో చూడ్డానికి. నడుం విరిగేట్టు రోజూ ఆ ముక్కాలిపీట మీదే కూర్చున్నాడు. మతిమరుపట, మతిమరుపు! పదిహేడు జాకీలు ఎవరెవరి దగ్గర ఏ ఏడు కొన్నాడో తారీఖులతో చెబుతాడు."

నెలరోజులపాటు ఊరంతా నవ్వుతుంటే నవ్వులపాలవుతూ కూర్చున్న మనిషి! ఎంత ఓపిక, ఎంత గుట్టు! నెరిడా వెళ్ళి పడక్కుర్చీ ముందు నిలబడింది.

"టైరు గాలి ఎవరు తీశారు బావా?"

"గాలి అన్నాక పోకుండా ఉంటుందా?"

"అక్కా నువ్వూ కూడా నాతో రండి. ముగ్గురం వెళ్దాం."

వాల్ తల అడ్డంగా ఊపాడు. "నేనొస్తే టైరు పోయినప్పుడు నా చెయ్యి ఊరుకోదు. అప్పుడు నువ్వు వెళ్ళినట్టు కాదు, నేను తీసుకెళ్ళినట్టు. నువ్వే వెళ్ళి చూసి రా."

మర్నాడు తెల్లారగానే నెరిడా బయల్దేరింది. మూడొందల కిలోమీటర్లూ ఒక్క టైరైనా పోలేదు. ఆ సంగతి విని వాల్ కాస్త నొచ్చుకున్నాడని తర్వాత డోరీన్ చెప్పింది. మధ్యాహ్నం కొండ అంచున ఒక్కతే నిలబడి చూస్తుంటే, కింద నీలి నీళ్ళలో ఇంకా మూడు తల్లులూ మూడు పిల్లలూ ఉన్నాయి. చూస్తుండగానే ఒక తల్లి నీళ్ళు చీల్చుకుని, ఇల్లంత ఒళ్ళు మొత్తం గాల్లోకి లేచి, పక్కకి వాలి పడింది. ఆ చప్పుడు కొండమీదికి ఆలస్యంగా వినపడింది. నెరిడాకి ఒళ్ళంతా గగుర్పొడిచింది. డెస్ పేరు పైకే పిలిచింది, ఏడ్చింది, నవ్వింది. తర్వాత సిగ్నల్ దొరికేదాకా నడిపి, బండి పక్కకి ఆపి, ఫోన్ చేసింది.

"బావా, చూశాను! యాభై టన్నులుంటుందని అక్కడివాళ్ళు చెప్పారు. ఒక్క ఊపున లేచింది. కింద ఏ ఆధారమూ లేదు, ఉత్త నీళ్ళే!"

అవతల టీ కప్పు కింద పెట్టిన చప్పుడైంది.

"యాభై టన్నులా!" అన్నాడు వాల్. "ఎంతెత్తు లేచిందే?"