మా మరదలి ‘నావే’ పద్దులు

ఈనాటి యువకులు అరచేతిలోని తెరను బొటనవేలితో తోస్తూ వ్యాపార రహస్యాలు నేర్చుకుంటున్నారు. మా మనుమరాలు భోంచేస్తూ పెట్టుబడుల పాఠం వింటుంది. పాఠమూ పెరుగన్నమూ ఒకేసారి ముగుస్తాయి. రెండూ సమానంగా జీర్ణమవుతాయని ఆమె నమ్మకం. ఇది కొత్త అద్భుతమనే వారితో నాకు పేచీ లేదు. అయితే గురువు ముఖం చూడకుండా గణకశాస్త్రం నేర్చే సౌకర్యాన్ని బొంబాయిలోని మా కామాటిపురా ఎనభైల దశకంలోనే అనుభవించిందని మనవి చేస్తున్నాను. అప్పుడు ఆ శాస్త్రాన్ని తపాలా బంట్రోతు సంచిలో మోసుకొచ్చి, పేరు తప్పుగా పిలిచి, గుమ్మంలో పడేసి పోయేవాడు.

ఆ రోజుల్లో నేను మునిసిపాలిటీ వారి తెలుగు బడిలో ఉపాధ్యాయుణ్ణి. నా భార్య చెల్లెలు, అంటే మా మరదలు, గదికొక సంసారముండే మా చాల్‌లోనే అదే అంతస్తులో చివరి గదిలో కాపురముండేది. ఆమె భర్త వర్లీలోని ఒక బట్టల మిల్లులో పనిచేసేవాడు. మిల్లు మూతపడింది. అతడు ప్రతి ఉదయమూ అక్కడిదాకా నడిచి వెళ్లి, గేటుకు తాళం ఉన్నదో లేదో చూసి వచ్చేవాడు. తాళం ఏనాడూ తన విధిని విస్మరించలేదు.

ఇదే సందని అతని తల్లి మహబూబ్‌నగర్ జిల్లా నుంచి స్వయంగా వచ్చి కూర్చున్నది. కొడుకునూ కోడలినీ తనతో ఊరికి తీసుకుపోవాలని ఆమె సంకల్పం. మా మరదలు ఈ చాల్‌లో పుట్టింది, ఇక్కడి నీళ్ల పంపు దగ్గర తగాదాపడి పెరిగింది. ఆ ఊరిని పెళ్లినాడు చూసింది. మళ్లీ చూడాలన్న కుతూహలం ఆమెకు కలుగలేదు. భవనాలు కట్టడానికి వచ్చే పాలమూరు మేస్త్రీలకు రోజూ భోజనం పెట్టే ఖానావళి తెరుస్తానని ఆమె పట్టుదల. దానికి బ్యాంకు అప్పు కావాలి. అప్పుకు అర్జీ పెట్టాలంటే జమాఖర్చులు, వ్యాపార నిర్వహణ నేర్చినట్టు ఒక ధ్రువపత్రం ఉండాలి. ఒక నెల వ్యాపారం చేసి చూపిన లెక్కలూ ఉండాలి.

అత్తగారు తీర్పు చెప్పింది. “బ్యాంకోడిస్తే ఈడ్నే ఉండుండ్రి. ఇయ్యకుంటే నా ఎంబడి బండెక్కుండ్రి.”

“సరే అత్తా. మాట మార్చొద్దు మల్ల,” అన్నది మరదలు.

తపాలా ద్వారా గణకులను తయారుచేసే సంస్థ ఒకటి పుణె వైపున ఉండేది. ఇంగ్లీషు పాఠాలకు రుసుము ఎక్కువ, మరాఠీ పాఠాలకు తక్కువ. కాబట్టి మరదలు మరాఠీ విద్వాంసురాలైంది. ఆమె మరాఠీ అంతవరకు చేపల బేరానికీ పంపు దగ్గర వంతుకూ సరిపోయేది. అంతకు మించి ఏనాడూ కష్టపెట్టబడలేదు. మొదటి పాఠం ‘వ్యాపారవేత్త లక్షణాలు’. అందులో ప్రథమ లక్షణం తెల్లవారకముందే నిద్రలేవడమట. మా చాల్‌లో తెల్లవారకముందు లేవనివారికి ఆనాటికి నీళ్లుండవు. ఆ లెక్కన మా చాల్ అంతా వ్యాపారవేత్తలే. పెట్టుబడి ఒక్కటే ఎవరికీ పోస్టులో రాలేదు.

నేను పాఠాలు వివరిస్తానని ముందుకు వెళ్లాను. ఆమె అంగీకరించలేదు.

“నువ్వు కూడికలు చూడు బావా, చాలు. నువ్వు అర్థం చెప్పుడు షురూ జేస్తే అన్నం మాడిపోతది.”

నేను కూడికలు మాత్రమే చూశాను. అవి నిర్దోషంగా ఉండేవి. జవాబు పత్రాలు పుణె నుంచి ఎర్రసిరాతో ‘ఉత్తమం’ అనిపించుకుని తిరిగి వచ్చేవి. సంస్థవారు ఆమె చేతిరాతను కూడా మెచ్చుకున్నారు. అత్తగారికి చదువు రాదు గనుక ఎర్రసిరా చూసి కోడలు తప్పిందని సంతోషించేది.

ధ్రువపత్రం వచ్చింది. తరువాత నెల రోజుల వ్యాపారం. వర్లీలో కడుతున్న ఒక భవనం మీద పనిచేసే మేస్త్రీలకు మరదలు వండింది, మిల్లు తాళాన్ని పరామర్శించి వచ్చే ఆమె భర్త మోశాడు. జొన్నరొట్టె, పప్పు, అన్నం, ఆదివారం ఎండుచేపల కూర. నాగ్‌పాడాలోని ఒక కిరాణా వ్యాపారి సరుకులు అరువిచ్చాడు. మేస్త్రీలు కూడా అరువు మీదే తిన్నారు. ఎవ్వరినీ ఆమె ఒక్కసారి కూడా డబ్బు అడిగినట్టు నాకు వినబడలేదు. పుస్తకంలో మాత్రం ఎవరు ఏనాడు ఎన్ని రొట్టెలు తిన్నారో తీరుగా ఎక్కించింది. నెలాఖరుకు లెక్క సరితూగింది. రెండువైపులా ఒకే మొత్తం రావడం చూసి ఆమె ముఖంలో కలిగిన తృప్తి, డబ్బు చూసినవారి ముఖంలో కూడా నేనెన్నడూ చూడలేదు.

భర్త రొట్టెలు మోస్తున్నాడు గనుక ఆమెను బ్యాంకుకు తీసుకువెళ్లే పని మగదిక్కుగా నా మీద పడింది. మేనేజరు మరాఠీ పెద్దమనిషి. అర్జీలో కామాటిపురా అన్న పేరు చదివి ముందు ఆమెను, తరువాత నన్ను, ఆ పైన గోడను చూశాడు. మా వీధుల్లో బడులూ గుళ్లూ సంసారాలూ ఉంటాయన్న సంగతి ఊళ్లో చాలామంది పెద్దమనుషులకు తెలియదు. రాత్రిపూట దీపాల కింద నిలబడే ఆడవాళ్ల సంగతి మాత్రం అందరికీ తెలుసు. నేను ఉపాధ్యాయుణ్ణని చెప్పుకోవలసి వచ్చింది. అప్పుడాయన లెక్కల పుస్తకం తెరిచాడు. చాలాసేపు మెచ్చుకోలుగా తల ఊపాడు. మేస్త్రీల ఖాతాలు వచ్చేసరికి తల ఊగడం ఆగింది.

“బాయీ, హే సగళం నావేచ్ ఆహే కా?” అని అడిగాడు.

“హో సాహెబ్, నావేచ్,” అన్నది మరదలు గర్వంగా.

“సగళం?” అంతానా అని ఆయన మళ్లీ అడిగాడు.

“సగళం నావేచ్. ఏక్ పైసా పణ్ దుసర్యాచా నాహీ.” ఒక్క పైసా కూడా పరాయివారిది కాదట.

మేనేజరు పుస్తకం మూసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన అడిగింది, ఇదంతా ఇంకా వసూలు కాకుండా వాళ్ల పేర్లమీదనే ఉన్నదా అని. మరాఠీ జమాఖర్చుల్లో జమ కానిది నావే. ఒకరి నావే వ్రాయడమంటే ఆ మొత్తాన్ని అతని పేరన బాకీగా ఎక్కించడం. వసూలు చేసుకుని మూడు నెలల తరువాత కనబడమని మర్యాదగా చెప్పి ఆయన అర్జీ తిరిగి ఇచ్చాడు. బాకీ రాకపోయినందుకు ఇంతగా సంతోషించే మనిషిని ఆయన ఉద్యోగ జీవితంలో చూసి ఉండడు.

బయటికి వచ్చాక అడిగాను, “నావే అంటే ఏమనుకున్నావు?”

“అనుకునేదేంది? నావే అంటే నావే. నావి.”

“అది మరాఠీ పుస్తకమమ్మా. అందులో తెలుగు మాట ఎందుకుంటుంది?”

“ఎందుకుండొద్దు? ఈ బొంబాయి కట్టింది మన తాతలే గద బావా. గంత పెద్ద ఊరు కట్టినోళ్ల మాట లెక్కలల్ల ఒక్కటుంటే ఏం పోయింది?”

నడుస్తూనే ఆమె సూత్రాలు అప్పజెప్పింది. మరాఠీలో మొదటి సూత్రం: వచ్చేది నావే, పోయేది జమ. “వచ్చేది నాదే గద. పోయింది ఏడనో ఒక్కకాడ జమైతనే ఉంటది.” రెండవది: తీసుకునేవాడు నావే, ఇచ్చేవాడు జమ. “నా చేతి బువ్వ తిన్నోళ్లు నావోళ్లే.” మూడవది: ఖర్చులూ నష్టాలూ నావే, లాభాలు జమ. “నష్టాలు నావి గాక ఎవలివి బావా? మా అత్తవా?”

శాస్త్రం మూడు సూత్రాల్లోనూ ఎక్కడా చెడలేదు. ఆ మూడింటినీ ఎవరో తెలుగు ఇల్లాలి కోసమే వ్రాసినట్టున్నది. పరీక్షాధికారులకు ఏ లోపమూ కనబడకపోవడంలో ఆశ్చర్యం లేదు. అంకెలు సరైన వైపున ఉన్నాయి. మేస్త్రీల వద్ద ఉన్న డబ్బు తనదే అయినప్పుడు తొందరపెట్టి అడగడమెందుకని ఆమె తలచింది. తన పెట్టెలో ఉంటేనేమి, వాళ్ల జేబులో ఉంటేనేమి.

ఇంటికి వచ్చేసరికి అత్తగారు ట్రంకుపెట్టె దించి దుమ్ము దులుపుతున్నది. మరదలు వాదించలేదు. మేస్త్రీలకు పగారు ముట్టే రోజుదాకా ఆగమన్నది.

“ఆ దినం పోయి పైసలు తెస్త. కిరాణాయన పైసలు ఆయన మొఖాన కొట్టాలె గద. ఎగబెట్టి ఊరికొస్తే నీకే ఇజ్జత్ కాదు.”

పరువు మాట రాగానే అత్తగారు పెట్టెమీద కూర్చుని గడువిచ్చింది.

పగారు నాడు నా భార్య ఆజ్ఞపై నేను కూడా వర్లీకి వెళ్లాను. మమ్మల్ని చూసి మేస్త్రీలలో పెద్దవాడు పలకరించాడు.

“ఏందక్కా, సారును గూడ పట్టుకొచ్చినవ్? మాకు పరీక్ష పెడుతున్నవా?”

“పరీక్ష అయిపోయింది తమ్మీ. ఫీజు బాకీ ఉన్నది.”

“నువ్వడగకపోతివి. అడగకుంట ఇచ్చుడు మాకు అలవాటు లేదు.”

“కూర నువ్వు అడగకుంటనే ఏసిన గద రెండోపారి.”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నవ్విన వాళ్లు ముందుగా ఇచ్చారు. ఒకడు ఇసుక కుప్ప వెనుక నుంచి తాను కొన్ని దినాలు జ్వరంతో తినలేదన్నాడు.

“నీ రొట్టెలు నీ దోస్తు తిన్నడు. పుస్తకంల నీ పేరే ఉన్నది. ఆని జేబుల చెయ్యి పెట్టి తీసియ్యి.”

దోస్తు తీసి ఇచ్చాడు. అయినా ఇద్దరు అంతకుముందే మరో పనికి వెళ్లిపోయారు. ‘నావోళ్లు’ అన్న బంధుత్వాన్ని వాళ్లు గుర్తించినట్టు లేదు. వచ్చినదంతా ఆ సాయంకాలమే నాగ్‌పాడా వ్యాపారికి చెల్లింది. మరదలి చేతిలో మిగిలింది కొంగుముడిలో పట్టేంత చిల్లర. వచ్చే వారానికి బియ్యం కొనే దారి లేదు. అరువు ఇకమీదట ఇవ్వనని వ్యాపారి ముందే నమస్కారం పెట్టాడు.

నేను రైలు పాసు తీసుకోవలసి ఉండడంతో ఇంటికి పోతూ గ్రాంట్ రోడ్ స్టేషనులో ఆగాము. ఆమె నా పక్కనే నిలబడి, కిటికీలోకి డబ్బు పోవడం చూసింది.

“ఇంక ఎక్కని గాడీకి పైసలెందుకిస్తున్నవ్ బావా?”

“నెలకు ముందుగా చెల్లించడం నియమం. విడిగా కొంటే ఎక్కువవుతుంది.”

“నడుమ నువ్వు నాలుగు దినాలు ఎక్కలేదనుకో?”

“అది నా ఖర్మ. తిరిగి ఇవ్వరు.”

“గింత మందికి ఇదే ఖర్మనా?” అంటూ ఆమె వరుసను మొదటినుంచి చివరిదాకా చూసింది. వెనుకవాడు జరగమని అరిచేవరకు ఆమె కదలలేదు.

మర్నాడు పాత శుభలేఖలు కత్తిరించి చీటీలు చేసింది. వాటిమీద మా బడి రబ్బరు ముద్ర వేయమని నన్నడిగింది. మునిసిపాలిటీ వారి ముద్ర ఎండుచేపల కూరకు పూచీపడదని నిరాకరించాను. అప్పుడు తన బొటనవేలికి పసుపు అద్ది తానే ముద్ర వేసింది. మేస్త్రీల దగ్గర సున్నం దొరుకుతుంది గాని పసుపు దొరకదు, దొంగ చీటీలు పుట్టవని ఆమె భరోసా. వారానికి ముందే పైసలిచ్చి చీటీ కొన్నవాడికి ఆదివారం కూర అదనం. చీటీ లేనివాడికి మంచినీళ్లు మాత్రం ఉచితం. వాళ్లు సణిగారు, హోటళ్ల ధరలు గుర్తుచేసుకున్నారు, కొన్నారు. వాళ్ల డబ్బుతోనే వాళ్లకు బియ్యం వచ్చింది.

పెట్టె నిండా డబ్బు చూసి ఆమె మురిసిపోతున్నప్పుడు, క్రమశిక్షణ కోసం ఒక మాట చెప్పవలసి వచ్చింది. అన్నం పెట్టేవరకు ఆ డబ్బు ఆమెది కాదని, లెక్కప్రకారం అది మేస్త్రీల పేరన జమ అని.

“మొన్న వాళ్ల జేబులున్నయి నావే అన్నది పుస్తకం. ఇయ్యాల నా పెట్టెలున్నయి నావి కావంటున్నవ్. ఈ చదువు ఎవలు రాసిండ్రు బావా?”

“పెద్దలు.”

“వాళ్లకు వండిపెట్టెటోళ్లు వేరే ఉండొచ్చు,” అని ఆమె పొయ్యిమీది ఎసరు చూడడానికి వెళ్లింది.

బ్యాంకు ఇవ్వలేదు కనుక బండెక్కాలని అత్తగారు న్యాయంగానే పట్టుబట్టింది. షరతు షరతే. అయితే అప్పటికి ఆమె కొడుకు మిల్లు వైపు పోవడం మానేశాడు. ఉదయం రొట్టెల మూటతో వెళ్లి, మధ్యాహ్నం ఖాళీ వంట గంజులతో తిరిగి వచ్చి, గది ముందరి గ్యాలరీలో కూర్చుని తోమేవాడు. ఊరికి ఎప్పుడు వస్తావని తల్లి అడిగితే, చీటీలు కొన్నవాళ్ల వారం అయిపోనీ అన్నాడు. వారం అయిపోయేసరికి ఇంకో వారం చీటీలు అమ్ముడుపోయి ఉండేవి. అలా అయిపోని వారాలు చాలా చూసి ఆమె తన ఒక్కదానికే టికెట్టు తెప్పించుకున్నది.

దాదర్‌లో రైలెక్కించడానికి నేను వెళ్లాను. కిటికీ పక్కన కుదురుకుని, కోడలు కట్టిచ్చిన రొట్టెల మూట ఒళ్లో పెట్టుకుని, ఆమె నా వైపు వంగింది.

“సారూ, నువ్వు పెద్దమనిషివి. మా పిల్లగానికి గూడ ఏదన్న పోస్టుల చదువు చెప్పియ్యరాదు? మొగోడు గంజులు తోముతున్నడు.”

“అతడు బాగానే తోముతున్నాడమ్మా.”

“తోముతున్నడు,” అని ఒప్పుకున్నది ఆమె, సంతోషం లేకుండా. రైలు కదలకముందే మూట విప్పి ఒక రొట్టె తుంచింది.